మ్యూరియల్ కుట్టని ఆదివారాలు

చీకటిపడ్డాక ఆ ఇంటి వంక చూడొద్దు. మా రేవులో ఈ మాట పిల్లలకి కాదు, పెద్దవాళ్ళకే చెబుతున్నారు.

ఇల్లంటే పెద్ద బంగళా ఏం కాదు. రేవు నుంచి చర్చికి ఎక్కే దారిలో, కొండ మలుపు దగ్గర, రెండు గదులూ ఒక వంటిల్లూ. కిటికీ దగ్గర ఒక కుర్చీ. కుర్చీ పక్కన మెడ వంచుకున్న దీపం. మ్యూరియల్ బతికున్నన్నాళ్ళూ ఆ కుర్చీలోనే కూర్చుని కుట్టుకునేది.

సెప్టెంబరు పదిహేడున పోయింది. నిద్రలోనే. అద్దె ఇల్లు అది. యజమాని కెనడా తూర్పు కొసన ఉన్న మా కేప్ బ్రెటన్ దీవిలో ఎండాకాలంలో తప్ప అడుగుపెట్టే రకం కాదు. అక్టోబరు రాగానే ఉన్నచోటి నుంచే ఫోన్ చేసి కరెంటు తీయించేశాడు. సామాను సంగతి కొత్త సంవత్సరం వచ్చాక చూసుకోమన్నాడు.

అయినా దీపం వెలుగుతోంది...

మొదట చూసింది రోరీ. మంచు తోసే బండి నడుపుతాడు. నవంబరులో ఓ సాయంత్రం, ఆరు కావస్తుంటే, చర్చి మెట్ల దగ్గరికి రొప్పుతూ వచ్చాడు. "కిటికీలో వెలుగుంది. వెలుగులో ఒక చెయ్యి... పైకి లేస్తోంది... కిందికి దిగుతోంది... పైకి... కిందికి..."

తాగొచ్చావా అన్నారు. ఆదివారం నేను తాగుతానా అన్నాడు. అదీ నిజమే. మా దగ్గర ఆదివారం తాగరు, ఆదివారం బట్టలు ఆరెయ్యరు, ఆదివారం సూది ముట్టరు. ఎంత మారినా మేం అక్కడ మాత్రం మారలేదు.

మరుసటి వారం పాస్టరు గారి భార్య చూసింది. ఆ పై వారం ఇంకో ఇద్దరు. అందరూ ఆదివారం సాయంత్రం పాటల కూటానికి వెళ్తూనే చూశారు. ఆదివారాలే ఎందుకు అని అడిగినవాడు ఒక్కడూ లేడు. నేనూ అడగలేదు, ఒకర్ని అనడం దేనికి? దెయ్యం అనే మాట చెవిన పడ్డాక ఎవరికీ బుర్ర పనిచెయ్యదు.

ఈ కబురు తిరిగి తిరిగి ఎఫీ దగ్గరికి చేరింది.

ఎఫీ అంటే మ్యూరియల్ చెల్లెలు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. రేవు అవతలి ఒడ్డున ఒక్కతే ఉంటుంది. కోపం ఎప్పుడూ ముక్కు మీదే. అందరికీ దెయ్యం మాట వింటే వణుకు పుడితే, ఆవిడకి మాత్రం ఒళ్ళు మండింది.

"చచ్చాక కూడా కుట్టుకుంటోందా? బతికుండగా ఊళ్ళో కుక్కనీ నక్కనీ గుడ్డ మీద బొమ్మలు కుట్టింది. తోడబుట్టినదాన్ని మాత్రం కుట్టలేదు. ఇప్పుడేం కుడుతోందో నేనూ చూస్తా!"

ఆ మంటకి కారణం ఉంది. మూడేళ్ళ కిందటి సంగతి.

చర్చిలో ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డ పాతబడిపోయిందని మా కుట్టు సంఘం ఆడవాళ్ళు కొత్తది మొదలెట్టారు. తలా ఒక మూల. మ్యూరియల్ మూలకి ఊదారంగు కొండపూలు వచ్చాయి. అప్పటికే ఆమెకి చేతులు వణికేవి. పూలు వంకరగా వచ్చాయి, కాడలు ఎటో వెళ్ళాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఈస్టర్‌కి రెండు రోజుల ముందు గుడ్డ ఇస్త్రీ చెయ్యడానికి ఎఫీ ఇంటికి తీసుకెళ్ళింది. ఇస్త్రీ చెయ్యలేదు. అక్క కుట్టిన మూలంతా విప్పేసి, తెల్లవార్లూ కూర్చుని, మళ్ళీ తన చేత్తో కుట్టింది.

ఈస్టర్ నాడు చర్చిలో అందరూ మ్యూరియల్ చెయ్యి పట్టుకుని ఊపారు. ఎంత చక్కటి పూలు, ఏం పనితనం అని. మ్యూరియల్ ఆ మూల వంక చూస్తూ నిలబడిపోయింది.

ఆ సాయంత్రం ఆరింటికి ఫోన్ మోగింది. అక్కచెల్లెళ్ళు ఆదివారం ఆరింటికి మాట్లాడుకోవడం నలభై ఏళ్ళ అలవాటు. పగలంతా పక్కపక్కన కూర్చున్నా సరే, ఆరింటికి ఫోన్ ఉండాల్సిందే. వేలితో తిప్పే పాత ఫోన్లు ఇద్దరివీ. ఎవరెన్ని కొత్తవి చూపించినా మార్చలేదు.

"నా కుట్టు విప్పావా?"

"వంకరగా ఉంది. బాగుచేశాను."

అటు ఫోన్ పెట్టేసిన చప్పుడు. అంతే. మళ్ళీ మోగలేదు.

ఎఫీ చెయ్యలేదు. నేనెందుకు చెయ్యాలి, పది మందిలో దాని పరువు నిలబెట్టాను, అదే చేస్తుంది అనుకుంది. మ్యూరియలూ చెయ్యలేదు. ఎఫీ సంఘంలో కూర్చోవడం మానేసింది. చర్చిలో ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు. నన్నడిగితే ఇద్దర్నీ ఒక గదిలో పెట్టి తాళం వెయ్యాల్సింది. ఎవరూ వెయ్యలేదు.

ఈ జనవరి ఒకటిన మ్యూరియల్ కుట్టు డైరీ మొదలెట్టింది. జానెడు వెడల్పు తెల్ల నారగుడ్డ, పొడవు మాత్రం నిలువు మనిషంత. రెండు కర్రల మధ్య చుట్టుకునే ఫ్రేముకి బిగించింది. వారానికి ఒక వరస, వరసకి ఏడు గళ్ళు. రోజుకో గడి. ఆ రోజు జరిగిన చిన్న సంగతి ఏదో, తపాలా బిళ్ళంత బొమ్మగా కుట్టాలి. మాడిన రొట్టె. దొరికిన చేతితొడుగు. గోడెక్కిన పిల్లి. అన్నీ వంకరే. అయినా రోజూ కుట్టేది. తన చెయ్యి తనదేనని చెప్పుకోవడానికి కుడుతోందని మాకందరికీ తెలుసు.

ఆమెని సమాధి చేసిన రోజు, అక్కణ్ణుంచి వచ్చాక, చర్చి హాల్లో టీ ఇచ్చారు. పొడుగు బల్ల మీద ఆ డైరీ విప్పి పరిచారు. టీ ఒలుకుతుందని పైన ప్లాస్టిక్ కాగితం వేశారు. జనం మూగిపోయారు. ఎవరి బొమ్మ వాళ్ళు వెతుక్కోవడమే పని.

"ఇదుగో నా బండి!" అన్నాడు ఉత్తరాలు పంచే అలెక్.

"నా ఆపిల్ కేకు... అడుగంటింది, అది కూడా కుట్టింది దొంగది!" అని జెసీ నవ్వుతూ ఏడ్చింది. జెసీ మ్యూరియల్ ఎదురింటావిడ, ప్రాణ స్నేహితురాలు.

ఎఫీ వంగి చూసింది. జనవరి నుంచి సెప్టెంబరు దాకా ప్రతి గడీ చూసింది. అలెక్ బండి మూడుసార్లు ఉంది. రోరీ వాళ్ళ కుక్క రెండుసార్లు ఉంది. ఎఫీ లేదు. ఎక్కడా లేదు. పైగా ప్రతి వరసలో మొదటి గడి, అంటే ఆదివారం గడి, ఖాళీ. పైనుంచి కిందిదాకా తెల్లటి పట్టీ ఒకటి. గుడ్డ ఎడమ అంచు పీచులు పీచులుగా లేచిపోయి ఉంది. అంచు మడిచి కుట్టడం కూడా చేతకాలేదు దీనికి అనుకుంది.

పాస్టరు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "చూశారా, ఆదివారం ఒక్కటంటే ఒక్కటి కుట్టలేదు. ప్రభువు దినానికి ఎంత విలువిచ్చింది!"

ప్రభువు దినమా? ఆదివారం ఆరింటికి నలభై ఏళ్ళు ఎవరితో మాట్లాడింది? ఆ రోజుల్నే ఖాళీగా వదిలేసిందంటే అర్థమేంటి? పది మందిలో, బల్ల మీద పరిచి, నువ్వు నాకు ఏమీ కావు అని చెప్పడం కాదూ?

ఎఫీ కప్పు బల్ల మీద పెట్టింది. పెట్టడమేంటి, కొట్టింది. టీ ప్లాస్టిక్ మీద పారింది.

"ఆ గుడ్డ నా కంటికి కనబడకూడదు. ఏం చేసుకుంటారో చేసుకోండి!"

గుడ్డని జెసీ మళ్ళీ మ్యూరియల్ ఇంట్లోనే పెట్టిందని తెలిసినా అటు వెళ్ళలేదు, మూడు నెలలు ఆ మంట లోపలే దాచుకుని తిరిగింది. ఇదిగో, ఇప్పుడు దెయ్యం కబురు.

డిసెంబరు పద్నాలుగు, ఆదివారం. మా దగ్గర డిసెంబరులో నాలుగున్నరకే చీకటి. ఎఫీ కోటు తొడుక్కుంది. ఒక జేబులో టార్చిలైటు, ఇంకో జేబులో కుట్లు విప్పే చిన్న కత్తి. ఊరంతా పాటల కూటంలో ఉంటుంది. దారిలో ఎవరూ ఎదురుపడరు.

"నేను కుట్లు విప్పుతాననే కదే నీ బాధ? ఇవాళ చూడు. జనవరి ఒకటి నుంచి మొదలెడతా. ఒక్క పోగు మిగల్చను!"

చచ్చినదాన్ని తిడుతూ రెండు మైళ్ళు నడిచింది. పైన మంచు రాలుతోంది, బూట్ల కింద కరకరమంటోంది. పైన చర్చిలో పాట మొదలైంది. మలుపు తిరిగింది.

కిటికీలో వెలుగుంది.

పచ్చటి వెలుగు... దీపం ఎంత ఉంటుందో అంతే. ఆ వెలుగులో ఒక చెయ్యి... పైకి లేచింది... ఆగింది... కిందికి దిగింది.

ఎఫీ కాళ్ళు నిలిచిపోయాయి. భయపడుతున్నానని తెలియగానే ఆవిడకి ఇంకా కోపం వచ్చింది.

"ఎవరే అది?" అని అరిచింది.

వెలుగు ఆరిపోయింది.

తాళంచెవి ఎక్కడుంటుందో ఎఫీకి తెలుసు. గడప పక్కన పాత ఇనప కుండ కింద. తీసింది. తలుపు తోసింది. లోపల బయటికన్నా చలి. టార్చి వేసింది. కుర్చీలో ఎవరూ లేరు. వంటింట్లో లేరు. వెనక తలుపు లోపల్నుంచి గడియ పెట్టే ఉంది.

దీపం దగ్గరికి వెళ్ళింది. దాని తీగ గోడకి పెట్టి కూడా లేదు. చుట్ట చుట్టి నేల మీద పడేసి ఉంది.

"మంచు మీద ఏదో తళుక్కుమని ఉంటుంది," అని పైకే చెప్పుకుంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

కుర్చీ ముందు ఫ్రేము ఉంది. గుడ్డ బిగించి ఉంది. ఎఫీ టార్చి దాని మీదికి తిప్పింది. సెప్టెంబరు పదహారు ఎక్కడుందో ముందు చూసి, తర్వాత జనవరి నుంచి విప్పుకుంటూ పోదామని ఆవిడ లెక్క. చూసింది...

గళ్ళు సెప్టెంబరు దగ్గర ఆగలేదు.

నిండిన గళ్ళు కిందికి పోతూనే ఉన్నాయి. ఎర్ర ఆకు. గుమ్మడికాయ. అక్టోబరు. విరిగిన గొడుగు. మొదటి మంచు, మూడు తెల్లటి చుక్కలు నీలం దారం మీద. నవంబరు. రేవులో ఇరుక్కున్న పడవ, అది పోయిన నెల్లోనే కదా ఇరుక్కుంది! డిసెంబరు... నిన్నటి గడిలో చిన్న క్రిస్మస్ చెట్టు, ఒక పక్కకి వాలిపోయి.

అన్నీ వంకరే. కాడకుట్టు ఎక్కడ తడబడుతుందో, ముడి ఎక్కడ జారుతుందో ఎఫీకి తెలుసు. చిన్నప్పట్నుంచి పక్కన కూర్చుని చూసిన చెయ్యి అది. అక్క చెయ్యే.

చచ్చిపోయిన మనిషి మూడు నెలలుగా రోజూ కుడుతోంది.

వెనకాల చెక్క కిర్రుమంది.

ఎఫీ తిరిగింది. గుమ్మంలో తెల్లగా ఒక ఆకారం... తల నుంచి కాళ్ళ దాకా తెలుపు... చేతిలో పొడుగ్గా ఏదో ఎత్తి పట్టుకుని...

ఎఫీ కేక పెట్టింది. ఆ ఆకారం అంతకన్నా పెద్ద కేక పెట్టింది. చేతిలోది ధడాలున నేల మీద పడింది. మంచు తోసే పార!

"ఓరి దేవుడా... ఎఫీ! నువ్వటే?"

"జెసీ! నీ మొహం మండ! ప్రాణం పోయింది కదే!"

"నాది మాత్రం ఉందా ఏమిటి? కూటానికి పోతుంటే కిటికీలో వెలుగు కనబడింది. పోకిరీ పిల్లలు దూరారేమో, ఇవాళ్టితో తేల్చేద్దామని ఇంటికెళ్ళి పార పట్టుకొచ్చా." జెసీ కోటు మీది మంచు దులుపుకుంది. "కుర్చీ పక్కన నువ్వు నిలబడ్డావు. అచ్చం ఆవిడలాగే. నా గుండె ఆగిపోయింది."

ఎఫీ వేలు ఫ్రేము వైపు చూపించింది. "ఇదేంటి? ఇది ఎవరు కుడుతున్నారు?"

"మేమే."

"మేమంటే?"

"సంఘం ఆరుగురం. రోజుకొకరం. మధ్యాహ్నం రెండింటికి వచ్చి, కిటికీ వెలుగులో ఒక గడి కుట్టి పోతాం. ఎవరైనా పని మధ్యలో పోతే చేతిలోది మిగతావాళ్ళం పూర్తిచెయ్యాలి, వాళ్ళ కుర్చీలోనే. నీకు తెలియందా? మీ అమ్మ అల్లుతూ వదిలేసిన స్వెటరుకి రెండో చెయ్యి అల్లింది నువ్వే కదే!"

ఎఫీకి ఒక్కసారి ఊపిరి తిరిగింది. ఊపిరితో పాటు కోపమూ తిరిగొచ్చింది. అందరూ ఉన్నారు. తను తప్ప అందరూ.

"మీ ఆరుగురి చెయ్యీ నాకు తెలుసు. నువ్వు ఇంత వంకరగా కుట్టవు జెసీ."

జెసీ నేల మీది పార తీసి గోడకి ఆనించింది.

"వంకరగానే కుడుతున్నాం. కావాలనే. నేను ఎడం చేత్తో కుడుతున్నా. నీటుగా కుడితే అది ఆవిడ డైరీ ఎలా అవుతుంది?"

ఆ మాట ఎఫీకి చెంప మీద కొట్టినట్టు తగిలింది. జెసీ ఎత్తిపొడవాలని అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. ఎఫీ జేబులోంచి కత్తి తీసింది.

"ఏం చేస్తున్నావే?"

"విప్పేస్తా. అంతా విప్పేస్తా. సంవత్సరమంతా వెతికాను జెసీ, నేనెక్కడా లేను! నీ ఆపిల్ కేకు ఉంది, కుక్క ఉంది, గొడుగుంది! ఆదివారాలు చూడు, ఖాళీ! మా ఆదివారాలవి! నన్ను తుడిచేసింది!"

"అదేంటే, ఆదివారం సూది ముట్టకూడదని వదిలేసింది. మేమూ అలాగే వదిలేస్తున్నాం..."

"మీరు నమ్మండి, మీ పాస్టరు నమ్ముతాడు! మా అక్క పంచాయితీ దేవుడితో కాదు, నాతో!"

జెసీ చెయ్యి పట్టుకోబోయింది. ఎఫీ విదిలించుకుంది. అప్పుడే టార్చి మిణుకుమంది. చలికి బ్యాటరీలు చచ్చాయి. ఒకసారి ఎర్రగా వెలిగి, ఆరిపోయింది.

చిక్కటి చీకటి. చర్చిలో పాట ఆగిపోయింది. ఇద్దరి ఊపిరే వినబడుతోంది.

"ఎఫీ... పోదాం పదవే..." జెసీ గుసగుసలాడింది.

"నువ్వు పో. కుట్లు విప్పడానికి నాకు కళ్ళెందుకు? మీరందరూ అదే కదా అంటారు నా గురించి!"

ఎడం చేత్తో గుడ్డ తడిమింది. పై కర్ర తిప్పి చుట్టిన గుడ్డ వదులు చేసి, జనవరి వరస వెతికింది. అంచు నుంచి మొదలెడదామని చూపుడు వేలు ఎడమ చివరికి జరిపింది. ఆదివారం గడి మీదికి...

వేలు ఆగిపోయింది.

అక్కడ ఏదో ఉంది.

సన్నగా, వెంట్రుకంత ఎత్తుగా. ఎఫీ వేలు దాని వెంట నడిచింది. గుండ్రంగా ఒక చక్రం. చక్రంలో చిన్న చిన్న ముడికుట్లు. ఒకటి, రెండు, మూడు... పది. పైన అడ్డంగా ఒక కర్ర, రెండు కొసలూ బొద్దుగా. కింద మెలికలు తిరిగిన తీగ.

"ఏమైందే?" జెసీ అడిగింది.

ఎఫీ ఇంకా ముందుకి వంగింది. కింది వరస తడిమింది. మళ్ళీ చక్రం, పది ముడులు, అడ్డంగా కర్ర. దాని కింద మళ్ళీ. దాని కింద మళ్ళీ. ప్రతి ఆదివారం ఒక ఫోన్. రిసీవరు దాని మీదే పెట్టి ఉంది. ఎత్తని ఫోన్. మోగని ఫోన్.

"ఖాళీ కావు జెసీ..." ఎఫీ వేలు తియ్యకుండానే అంది. "తెల్ల దారం... తెల్ల గుడ్డ మీద..."

"ఏ తెల్ల దారం? మేం రోజూ పక్క గళ్ళు కుడుతున్నాం. దారం రంగు ఏమాత్రం తేడా ఉన్నా మా కళ్ళు పట్టవా?"

ఎఫీ వేలు అంచుకి వెళ్ళింది. పీచులు పీచులుగా లేచిన అంచు. అప్పుడు తెలిసింది. అంచు చెదిరిపోలేదు. ఒక్కో పోగూ అక్కే లాగింది. గుడ్డలోంచే దారం లాగి ఆ గుడ్డ మీదే కుట్టింది. ఏ కంటికీ తేడా తెలియదు. వేలికి మాత్రం తెలుస్తుంది. టీ ఒలుకుతుందని ప్లాస్టిక్ వెయ్యకపోతే ఆ రోజే ఎఫీ వేలికి తగిలేది.

"దొంగముండా," అంది ఎఫీ, ఏడుస్తూ. "మొండి దొంగముండా! ఆదివారాలన్నీ ఫోన్ దగ్గర కూర్చున్నావటే? నేనూ కూర్చున్నా కదే!"

ఏడుస్తూనే లెక్కపెట్టింది. వేలు వరస దిగినప్పుడల్లా ఒక అంకె. ముప్పై అయిదు. ముప్పై ఆరు. ముప్పై ఏడు. సెప్టెంబరు పద్నాలుగు, ఆవిడ బతికున్న చివరి ఆదివారం. అక్కడ ఆగాలి.

వేలు ఇంకో వరస దిగింది.

"ముప్పై ఎనిమిది."

జెసీ ఊపిరి బిగపట్టింది. "తప్పు లెక్కపెట్టావు."

"ముప్పై తొమ్మిది. నలభై." ఎఫీ గొంతు మారిపోయింది. "నలభై ఒకటి... మీరు కుట్టారా ఇవి?"

"ఆదివారమా? మేమా? ఇవి ఉన్నాయనే తెలియదు కదే మాకు! ఎఫీ, వద్దు... చెయ్యి తీసెయ్..."

"నలభై ఎనిమిది. నలభై తొమ్మిది." పోయిన ఆదివారం. చక్రం, పది ముడులు, కర్ర, తీగ. ఒక్కటీ తేడా లేదు.

యాభయ్యో గడి ఈ రోజుది.

ఎఫీ వేలు మెల్లిగా దాని మీదికి జరిగింది. చక్రం ఉంది. ముడులు ఉన్నాయి. ఒకటి, రెండు... పది. తీగ ఉంది. పైన కర్ర లేదు. అది కుట్టాల్సిన చోట సూది గుచ్చి ఉంది. సూదిలో దారం ఉంది.

మూడు నెలలుగా పొయ్యి వెలగని ఇల్లు. గదిలో నీళ్ళు పెడితే గడ్డకట్టే చలి.

సూది వెచ్చగా ఉంది.

జెసీ తలుపు వైపు రెండడుగులు వేసింది. ఆ తర్వాత కాళ్ళు రాలేదట. అక్కడే గోడకి ఆనుకుని కూలబడిపోయింది. ఇదంతా మాకు చెప్పింది జెసీనే. జెసీకి ఎన్ని చెడ్డ అలవాట్లున్నా అబద్ధం చెప్పే అలవాటు లేదు.

ఎఫీ మాత్రం కదల్లేదు. చేతిలో కత్తి నేల మీద పడేసిన చప్పుడైంది. తర్వాత కుర్చీ లాగిన చప్పుడు. ఆ కుర్చీలోనే కూర్చుంది. ఒక్కసారిగా తిట్లు లంకించుకుంది.

"వేళ్ళు పడిపోయాయటే నీకు? ఇన్ని ఫోన్లు కుట్టే బదులు ఒక్కటి తిప్పితే ఏం పోయేది? నేనంటే పొగరుబోతుదాన్ని, ఊరందరికీ తెలుసు. పెద్దదానివి, నీకేమైంది? చచ్చిందాకా ఉండాలా?" ఊపిరి తీసుకుంది. తర్వాత గొంతు తగ్గించి అంది. "విప్పకూడదు. నీ కుట్టు నేను విప్పకూడదు. వంకరగా ఉంటే ఉండనీ అనుకోవాల్సింది. తప్పు నాదే. విన్నావా? ఇంకోసారి చెప్పను."

ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు.

"ఏం, ఇప్పుడూ పలకవా? సరే, ఇది సగంలో వదిలేశావు. నేను కుడతా. ఆదివారమైతే కానీ." చీకట్లో సూది కోసం తడుముకుంది. "కనబడి చావట్లేదే! కుట్టేదాన్ని చీకట్లో కూర్చోబెడితే ఎట్లా? దీపం పెట్టు!"

కుర్చీ పక్కన దీపం వెలిగింది.

తీగ అలాగే చుట్ట చుట్టి నేల మీద ఉంది. జెసీ కళ్ళారా చూసింది. పచ్చటి వెలుగు ఎఫీ చేతుల మీద పడింది. ఎఫీ తలెత్తలేదు, వెనక్కి తిరగలేదు. కళ్ళు తుడుచుకుని కుట్టడం మొదలెట్టింది. చెయ్యి పైకి లేచింది... కిందికి దిగింది...

నలభై తొమ్మిది ఫోన్లకీ రిసీవరు పైనే పెట్టి ఉంది. ఎఫీ దీనికి అక్కడ కుట్టలేదు. పక్కకి తీసి, ఎవరో చెవి దగ్గరికి ఎత్తుకున్నట్టు, వంకరగా కుట్టింది. ముడి వేసింది. దారం పంటితో కొరికింది.

"ఎత్తాను," అంది. "చెప్పవే అక్కా."